గుట్ట మీద మేక పోయిందా?

చలి ముదిరింది. ఆ మంటలో ఇంకో రెండు పుల్లలు వేసి, ఫోను పక్కన పెట్టి కూర్చో బిడ్డా. ట్రెక్కింగుకు పోతున్నావట, బూట్లకే ఏడు వేలు పోశావట, మీ అమ్మ చెప్పింది. పోస్తే పోశావులే. మా కాలంలో ఈ కాప్రాలో పని లేకుండా గుట్ట ఎక్కేవాణ్ని ఏమనేవాళ్లో చెబుతా, విను.

అవి డెబ్బయ్యో దశకం రోజులు. 1967లో ఈసీఐఎల్ కంపెనీ వచ్చి కొత్త జనం చేరుతున్నా, కాప్రా ఇంకా ఊరే. చెరువు, పొలాలు, ఎటు చూసినా బండలు. ఎవరైనా గుట్టెక్కారంటే కట్టెలకో, సీతాఫలాలకో, మొక్కు తీర్చుకోవడానికో అయ్యుండాలి. ఊరికే ఎక్కేది నేనొక్కణ్నే. ఓనాడు పొద్దున్నే దిగి వస్తుంటే, నెత్తిన కట్టెలమోపుతో ఎదురైన ఓ అవ్వ ఆగింది.

"ఏం పోయింది బిడ్డా గుట్ట మీద, మేకనా?"

"ఏం పోలేదవ్వా, ఊకెనే ఎక్కిన."

నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "పెండ్లయిందా?"

"కాలేదవ్వా."

"గందుకే" అని, మోపు సర్దుకుని పోయింది.

నా కాళ్లకు అప్పట్లో బాటా కాన్వాసు బూట్లు. వాటి ధర చివర తొంభై అయిదు పైసలు తప్పకుండా ఉండేది. ఆ అయిదు పైసలు తగ్గేసరికి చవకగా కొన్నామని మనకో తృప్తి! వాటికే మా నాయన నెల రోజులు సణిగాడు. ఆయనవి కిర్రు చెప్పులు. అవి కూడా గుట్ట మొదట్లోనే విప్పి చంకలో పెట్టుకునేవాడు, అరిగిపోతాయని. మరి కాళ్లు అరగవా నాయనా అంటే, అవి ఊరికే వచ్చినవి కదరా అనేవాడు.

శివరాత్రికి మాత్రం ఊరు ఊరంతా కీసరగుట్టకు కదిలేది. నాగారం, రాంపల్లి చౌరస్తా మీదుగా ఎడ్లబండ్లు, సైకిళ్లు, వాటి పక్కన నడిచే జనం. మూటలో ఉడకబెట్టిన కందగడ్డలు. దారిలో పావలాకు చాయ్. ఉపవాసం ఉన్నవాళ్లు చాయ్ తాగొచ్చా అనే వాదన కీసర వచ్చేదాకా తెగేది కాదు, తాగుతూనే వాదించేవాళ్లు. ఇంకెంత దూరం తాతా అని ఎవరినడిగినా, "ఎంతనో లేదు, గా చింతచెట్టు దాటుతే సరి" అనేవాళ్లు. ఆ చెట్టు దాటాక ఇంకో తాత, ఇంకో చింతచెట్టు. దాన్ని అబద్ధమనకు, అదో మర్యాద. అలసినవాడికి నిజం చెబితే అక్కడే కూలబడతాడు. నీ ఫోనేమో ఇంకా నాలుగు పాయింట్ రెండు కిలోమీటర్లని మొహం మీదే చెబుతుంది. దానికేం దయ?

ఆ గుట్ట మీద ఎక్కడ చూసినా శివలింగాలే. కాశీ నుంచి హనుమంతుడు 101 లింగాలు తెచ్చేసరికి ఆలస్యమై, రాముడు అప్పటికే వేరే లింగాన్ని ప్రతిష్ఠించేశాడట. ఆ అలకతో విసిరేసినవే ఇవన్నీ అంటారు. అక్కడే ఓ బండ మీద 'తొలుచువాండ్రు' అని చెక్కి ఉంది. విష్ణుకుండిన రాజుల కాలం నాటిదని పండితుల మాట. రాజులు శాసనాలు వేయించడం మామూలే, రాయి తొలిచేవాళ్లు తమ పేరు తామే వేసుకోవడం నాకు భలే నచ్చింది.

ఎక్కడికో పోయాను. బూట్ల దగ్గర కదా ఉన్నాం. దూరపు కొండలు నునుపంటారు. మన గుట్టలు దగ్గరికి పోయినా నునుపే. దాదాపు 250 కోట్ల ఏళ్ల రాయి మరి. ఎక్కేటప్పుడు అందరూ వీరులే, సంగతంతా దిగేటప్పుడు తేలుతుంది. మడమ ఆనించి దిగావా, జర్రున జారతావు. పాదం మొత్తం పరిచి, మోకాళ్లు కాస్త వంచి, చిన్న చిన్న అడుగులు వెయ్యాలి. బండ మీద నల్లటి చార కనిపిస్తే అది వాననీళ్లు జారే తోవ. ఎండినట్టే ఉంటుంది, కాలు పెట్టకు.

ఓసారి నాతో ఓ కొత్త గుమాస్తా మౌలాలి గుట్టకు వచ్చాడు. ఉత్త ఆరంభశూరుడు. మొదటి మెట్లన్నీ పరుగున ఎక్కి, పైనుంచి నన్ను వెక్కిరించాడు. ఆ తర్వాత రెండు మెట్లకోసారి కూర్చోవడం. నేను దాటిపోతుంటే చాలు, చరిత్ర అడిగేవాడు, ఆయాసం దాచుకోవడానికి. పైన హజ్రత్ అలీ పేర దర్గా, కుతుబ్‌షాహీల నాటిదన్నాను. గుట్ట కింద ఉన్నది 1824లో పోయిన కవయిత్రి మహలఖా బాయి సమాధి అన్నాను. ఆమె కథ సగమైనా కాలేదు, అతనికి ఊపిరి అందింది, మళ్లీ పరుగు! మిగతా సగం ఇంకో పది మెట్లపైన చెప్పాను.

నవ్వకు, నీ సంగతీ చూస్తాగా. మన బండల్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. భువనగిరి బండ మీద శిక్షణ మొదలుపెట్టిన నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఎవరెస్టు మంచుకొండే కావచ్చు, మొదటి పాఠం చెప్పింది మాత్రం మన రాయే.

ఆ రాయి ఇప్పుడెక్కడుంది? నేనెక్కిన గుట్టల్లో చాలావరకు కంకరైపోయాయి. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, మనవాళ్లు కొండను తవ్వి మూడు పడగ్గదుల ఫ్లాటును పట్టారు. మిగిలినవైనా దక్కాలని కొందరు 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అని పెట్టుకున్నారు. బండల మధ్య నడకలు కూడా పెడుతుంటారు. వాళ్లతో ఓసారి పోయి చూడు.

అంతకన్నా ముందు ఈ ఆదివారం మౌలాలి ఎక్కుదాం. ఎండ ఎక్కకముందే, ఆరింటికల్లా తయారుగా ఉండు. నీళ్లు నువ్వే మోయాలి, నా మోకాళ్లకు నన్ను మోయడమే సరిపోతుంది.