బందరు తీరపు తేలిక పడవలు

బందరు చరిత్రమును వ్రాసినవారందఱును ఓడల పేర్లను, వర్తకస్థావరముల పేర్లను వ్రాసిరి. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును ఇచట దిగి వ్యాపారము సాగించుట, గోలకొండ సుల్తానుల యేలుబడిలో ఈ రేవునుండి కలంకారీ వస్త్రములును సన్నని నేతబట్టలును పారసీక దేశమునకును తూర్పు దీవులకును తరలిపోవుట, 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారినుండి కోటను పట్టుకొనుట, ఇవన్నియు గ్రంథములందు విపులముగా నున్నవి. కాని ఒక్క విషయమును మాత్రము ఆ గ్రంథములలో పెక్కు వాక్యమధ్యమున పేర్కొని దాటిపోవును. ఆ పెద్ద ఓడ లేవియు బందరు ఒడ్డును తాకలేదు. కృష్ణానది యుగయుగములుగా తెచ్చిపోసిన ఒండ్రు వలన సముద్ర మిచట లోతులేక పఱచుకొనియుండుటచే, అవి తీరమునకు సుమారు 5 మైళ్ల దూరముననే లంగరు దించి నిలువవలసివచ్చెడిది. ఆ అయిదు మైళ్ల నీటిపై మూటలును, మనుష్యులును, దొరలును, దుబాసీలును సాగించిన రాకపోకలన్నియు తేలికపాటి పడవలమీదనే జరిగినవి. గోలకొండ వాణిజ్యవైభవమున కంతకును ఆ పడవలే తుదిమెట్టు. వానిని కట్టిన చేతులకు చరిత్రమున చోటు దొరకకపోవుట అన్యాయమని నా దృఢవిశ్వాసము.

ఈ తీరపు నావికత్వము గోలకొండకంటె మిక్కిలి ప్రాచీనమైనది. క్రీస్తుశకము మొదటి శతాబ్దినాటి పెరిప్లస్ అను గ్రీకు నావికగ్రంథము మసలియా అను పేరుతో ఈ దేశమును, ఇచటి మేలిబట్టలను ప్రస్తావించినది. తూర్పుతీరపు నావలను వర్ణించుచు, ఏకకాండములను జతపఱచి కట్టిన మిక్కిలి పెద్ద నావ లుండెడివని చెప్పినది. టాలమీ పేర్కొన్న కంటకస్సిల దివిసీమ చేరువనున్న నేటి ఘంటసాలయే యని పండితులు నిర్ణయించిరి. ఆ ఘంటసాల ప్రాకృత శాసనములలో శివకుడను మహానావికుని పేరు కానవచ్చుచున్నది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు తెఱచాప కొయ్యలు గల ఓడబొమ్మ యున్నది. మహానావికునకు శాసనమున పేరు నిలిచినది, రాజుయొక్క ఓడకు నాణెమున రూపు నిలిచినది. తెప్ప కట్టినవానికి మాత్ర మేదియు మిగులలేదు.

ఐరోపా యాత్రికులు మసూలా యని వ్రాసిన పడవ యొక కుట్టుపడవ. దాని పలకలను ఒకదాని అంచు నొకదాని అంచునకు చేర్చి, అంచుల వెంబడి రంధ్రములు తొలిచి, సందులపై గడ్డిని గాని కొబ్బరిపీచును గాని వత్తుగా పఱచి, నారత్రాళ్లతో బిగించి కుట్టెడివారు. లోపల పక్కటెముకలవంటి కఱ్ఱలు లేవు, ఇనుపమేకులు లేవు. చూచిన యూరోపియనులలో కొందఱు దీనిని అనాగరికుల పనితన మనుకొనిరి. నిజమునకు దీనియందు నిగూఢమైన వివేకము కలదు. ఈ తీరమున కెరటము ఒడ్డునకు చేరుటకు ముందే ఒకటి వెనుక నొకటిగా విఱుగును. మేకులతో బిగించిన గట్టి పడవ ఆ కెరటములపై నుండి ఇసుకపై పడినపుడు దెబ్బ అంతయు మేకు దిగిన చోట కేంద్రీకృతమై పలక చీలును. కుట్టుపడవ యన్ననో, కుట్టు కుట్టునకును కొంచెము కొంచెముగా సడలి, ఆ దెబ్బను దేహమంతటికిని పంచుకొని, ఇసుకపై వంగి మరల తన రూపమునకు వచ్చును. నీరు కాఱును, నిజమే. అందులకై తోడిపోయువా డొకడు ఎల్లప్పుడును ఉండెడివాడు. చెన్నపట్టణమున మసూలా పడవ అలలను దాటునపుడు, మునిగినవారి నెత్తుకొనుటకై తెప్పలు వెంట నడచుట వాడుక.

ఆ తెప్పయే ఈ తీరమునకు రెండవ మహోపకరణము. తేలికైన దుంగలు కొన్నింటిని మధ్య లోతుగను అంచులు ఎత్తుగను ఉండునట్లు చెక్కి, త్రాళ్లతో కట్టిన ఈ సాధనమునకు గోడలు లేవు, అడుగు లేదు. నీరు సందులనుండి వచ్చి సందులనుండియే పోవును గనుక మునుగుట యనునది దానికి లేదు. దాని కొక్కటే శత్రువు, బరువు. కఱ్ఱ నీటిని పీల్చుకొన్నకొలది తెప్ప లోతునకు దిగి మందగించును. అందుచేత పల్లెకారులు వేట ముగిసినంతనే కట్లు విప్పి దుంగలను వేఱువేఱుగా ఎండలో ఆఱబెట్టెడివారు. విలియం డాంపియరు అను ఆంగ్లనావికుడు 1697లో ప్రకటించిన యాత్రాగ్రంథమున కోరమండల తీరపు ఈ కట్టుదుంగలను, అనగా కట్టుమరములను, వర్ణించెను. ఆ కట్టుమరముల పేరు అట్లు పడమటికి పోయి, కాలక్రమమున రెండు దేహములు గల నావకు స్థిరపడినది. ఐరోపాలో జంట దేహముల నావను సర్ విలియం పెట్టీ 1662లో డబ్లినులో కట్టించెను. అమెరికాలో నతనియేల్ హెరెషాఫ్ 1876లో తన అమరిల్లిస్ తో పందెము గెలిచెను. పసిఫిక్ ద్వీపవాసులు వీరికంటె ఎన్నో శతాబ్దుల ముందే జంటనావలమీద మహాసముద్రమును దాటియుండిరి.

జంట నావకొఱకు మన మంతదూరము పోనక్కఱలేదు. గుడివాడకు ఈశాన్యముగా నడచి కైకలూరు దాటి కొల్లేటి ఒడ్డునకు చేరినవారికి తాటిదోనె పరిచితమే. ముదిరిన తాటిచెట్టు మొదలు లావుగా నుండును. దాని వెలుపలి భాగము ఇనుమువలె గట్టిది, లోపలి భాగము మెత్తనిది. ఆ మెత్తని భాగమును తొలిచివేసినచో, ఏ వడ్రంగియు పలకలనుండి వంచి తేలేనంత పలుచని, గట్టి దేహము సిద్ధమగును. మొదటివైపు సహజముగనే మూసుకొనియుండగా, రెండవ కొనను మట్టితో గాని చెక్కతో గాని మూసెదరు. అయిన నిది యిరుకైనది. అలవాటు లేనివాడు అడుగు పెట్టిన తోడనే ఒరిగిపోవును. అట్టి దోనెలను రెంటిని ప్రక్కప్రక్కల నిలిపి అడ్డకఱ్ఱలతో బిగించినచో నదియే సంగడి. దానిపై గడ్డిమోపులును, ధాన్యపు బస్తాలును, మనుష్యులును నిర్భయముగా సాగిపోవుదురు. ఇందలి రహస్యము గణితమున కందునట్టిదే: రెండు దేహముల నడుమ దూరము రెట్టింపైనచో ఒరగకుండ నిలుచు శక్తి సుమారు నాలుగు రెట్లగును. కొల్లేటి జాలరి ఈ సూత్రమును వ్రాయలేదు. అడ్డకఱ్ఱ పొడవును ఎంచుకొనుటలో ఆచరించెను.

నేటి ఇంజను జంటనావ శాస్త్రము సంగడికంటె ఒక్క మెట్టు మాత్రమే ముందునకు పోయినది. సాధారణమైన పడవ వేగముగా పోవ యత్నించినపుడు తాను లేపిన కెరటము తనకే అడ్డుగా నిలుచును. ఇంజను శక్తిలో అధికభాగము ఆ కెరటమును పెంచుటకే వ్యయమగును. పొడవు వెడల్పునకు పదింతలకు చేరువగా నున్న సన్నని దేహము ఇట్టి కెరటమును అంతగా లేపదు. అట్టి సన్నని దేహము ఒంటరిగా నిలువజాలదు గనుక రెంటిని జతచేయుదురు. కాని సన్నదనమునకు మూల్యమొకటి కలదు: నీటిమట్టమున దాని వైశాల్యము తక్కువగుటచే ప్రతి బస్తాకును అది త్వరగా లోతునకు దిగును, లోతునకు దిగిన తోడనే దాని సుగుణము లన్నియు నశించును. కావున జంటనావ రచనలో మొదటి నియమము తేలికదనము, రెండవదియు తేలికదనమే.

అచ్చటనే గాజునార ప్రవేశించినది. 1930లలో అమెరికాలో గాజును సన్నని నారగా తీయుట పరిశ్రమయైనది. 1942లో ఒహాయో రాష్ట్రమున రే గ్రీన్ అనునతడు ఆ నారను పాలియెస్టర్ రెజినుతో కలిపి చిన్న పడవను పోసెను. పని యిట్లు సాగును. ముందుగా పడవ రూపమును నునుపుగా చేసి, దానినుండి అచ్చు తీసి, అచ్చు లోపల మైనము పూసి, రంగుగల జెల్ కోటును పట్టించి, దానిపై గాజునార మ్యాటును పఱచి, గట్టిపఱచు మందు కలిపిన రెజినుతో తడిపి, రోలరుతో బుడగలను నొక్కివేయుచు పొరమీద పొర పెంచెదరు. రెజిను ఎక్కువైనచో పడవ బరువై పెళుసగును. తక్కువైనచో నార పొడిగా మిగిలి నీరు చొఱబడును. ఆ నడుమనున్న సన్నని మార్గమును పట్టుకొనుటయే పనివాని నేర్పు. మఱింత తేలికదనము కోరువారు రెండు పలుచని పొరల నడుమ నురుగుపలకను చేర్చెదరు. గోడ మందము పెరిగినచో వంగని గుణము ఎన్నో రెట్లు పెరుగుటయు, నురుగునకు బరువు మిక్కిలి తక్కువగుటయు ఈ పద్ధతికి బలము.

ఈ విద్య మన తీరమునకు సుఖముగా రాలేదు. ప్రళయముల వెంట వచ్చినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది నశించిరి; పట్టణము ఆ దెబ్బనుండి పూర్తిగా కోలుకొనలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలకు చేరువగా మనుష్యులు పోయిరి. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి పల్లెలలో మనుష్యులతోపాటు వలలును నావలును కొట్టుకొనిపోయెను. ప్రాణముల లెక్క చెప్పునపుడు పడవల లెక్క చెప్పుట క్రూరముగా తోచవచ్చును. కాని మిగిలిన ప్రాణములు బ్రతుకవలసినది ఆ పడవలమీదనే.

1957లో కొచ్చిలో నెలకొన్న కేంద్ర మత్స్యసాంకేతిక సంస్థ, కఱ్ఱపడవలకు గాజునార తొడుగు వేయు ప్రయత్నములను సాగించినది. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రముగా బంగాళాఖాత పథకమును ప్రారంభించి, ఒడ్డునకు నేరుగా ఎక్కగల పడవలను రూపొందించి, అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని ఉప్పాడ అలలలో పరీక్షించెను. ఇసుక తాకునపుడు ప్రొపెల్లరును పైకెత్తుకొనునట్లు వారు చేసిన ఏర్పాటు ఈ తీరపు మూలసమస్యను తాకిన ఆలోచన. కన్యాకుమారి ప్రాంతమున ముట్టమునందు పియెర్ గిల్లె అనునతడు ప్లైవుడ్డుతో తెప్పలకు బదులు పడవలను కట్టించి, ఆ ప్రయత్నమందలి కష్టసుఖములను 1985లో పుస్తకముగా ప్రకటించెను. దుంగలకు తగిన చెట్లు అడవులలో తఱిగిపోవుచుండ, తెప్ప ఆకారమునే అచ్చులో పోసి లోపల నురుగు నింపిన గాజునార (ఫైబరు) తెప్పలు క్రమక్రమముగా మన ఒడ్డులకెక్కెను. 2004 డిసెంబరు 26 నాటి సునామీ మంగినపూడి తీరమున ప్రాణములు తీసిన పిమ్మట, సహాయముగా పంచిన పడవలతో ఈ మార్పు ఉరుకులెత్తినది.

నేడు బందరు చేరువనున్న గిలకలదిండి ఒడ్డున తెప్ప యనగా ఫైబరు తెప్పయే. పది అశ్వశక్తుల ప్రాంతపు డీజిలు ఇంజనును, పొడుగాటి తోకవంటి ఇరుసును తగిలించుకొని అది వేటకు పోవును. దుంగను విప్పి ఆఱబెట్టు శ్రమ తప్పినది. ఒక్కదినములో మునుపటికంటె దూరము పోయి రాగలుగుచున్నారు. దీనిని నష్టమని విలపించువారితో నేను ఏకీభవింపను. తడిసిన దుంగలను భుజములమీద మోసినవాని భుజమును అడిగిన పిమ్మటనే ఆ విలాపము చేయవలెను. అయినను రెండు మాటలు చెప్పక తప్పదు. తెప్పను కట్టినవాడే తెప్పను విప్పి బాగుచేసికొనెడివాడు. అచ్చు మఱియొక ఊరిలో మఱియొకని చేతనుండుటచే నేటి జాలరి తన పడవ రూపముపై అధికారమును కోల్పోయినాడు. ప్రాతదుంగ పొయ్యిలోనికి పోయెడిది. ప్రాత ఫైబరు దేహము కుళ్లదు, కాల్చిన విషధూమము నిచ్చును, ఇసుకలోనే పడియుండును.

జంట దేహముల ఫైబరు నావ ఈ డెల్టాలో అత్యవసరమైన చోటు వేటలో కాక రేవుదాటులో నున్నదని నా యభిప్రాయము. ఏటిమొగ నుండి ఎదురుమొండి దీవికిని, నాచుగుంట, గొల్లమంద వంటి పల్లెలకును పోవు జనులు కృష్ణపాయను పంటుమీద దాటుదురు. గర్భిణి గాని, పాము కఱచినవాడు గాని అవతలి ఒడ్డున వేచియున్నపుడు పంటు మందగమనము ప్రాణాంతకము. అట్టి ప్రయాణమునకు 10 మీటర్ల పొడవు, ఒక్కొక్కటి 90 సెంటీమీటర్ల వెడల్పు గల రెండు దేహముల నావను లెక్కించి చూతము. అది 40 సెంటీమీటర్ల లోతున తేలునపుడు సుమారు మూడున్నర టన్నుల మొత్తమును మోయును. నీటిపై దాని వైశాల్యమును బట్టి ఇద్దఱు మనుష్యులు ఎక్కినపుడెల్ల ఒక సెంటీమీటరు దిగును. ముప్పదిమంది నెక్కించుకొనవలెనన్న వారి బరువే రెండు టన్నులు దాటును గనుక, ఇంజన్లతో సహా నావ తన బరువు టన్నున్నరకు లోబడియుండవలెను. ఇది గాజునారకును నురుగుపలకకును అసాధ్యము కాదు. దూరదూరముగా నిలిపిన రెండు చిన్న ఇంజన్లతో ఆ నావ ఇసుకమేటల నడుమ ఉన్నచోటనే తిరుగగలదు.

రెజిను కలుపుటయు, మ్యాటు పఱచుటయు ఎఱిగిన చేతులు ఈ తీరమున నిపుడు కలవు. అచ్చు మాత్రము క్రొత్తగా చేయవలెను; ఆ అచ్చునకు మూలరూపమును నేటికిని ఎక్కువగా కఱ్ఱతోనే నిర్మింతురు. దేహము పొడవునను సన్నని బద్ద నొకదానిని వంచి పట్టి, అది ఎక్కడ ఎగసినది, ఎక్కడ తగ్గినది కంటితో చూచి చిత్రిక పట్టగల వడ్రంగులు నావలు కట్టిన కుటుంబములలో మిగిలియున్నంతకాలమే ఆ పనిని ఇచట చేయించుకొనవచ్చును.