పాలకొల్లు బాలుని మాండొలిన్

బాల్యమున లభించిన కీర్తి తరచుగా బాల్యముతోనే అడుగంటును. 1960 దశకమున పాశ్చాత్య దేశములందు గిటారులు చేపట్టి బయలుదేరిన కుర్రవాండ్ర రాక్ బృందము లెన్నియో. నేటికిని లోకము తలచుకొనునవి మాత్రము కొన్నియే. అట్టి విద్యుద్వాద్యమునే చేతబట్టి, పదునాలుగవ యేట విదేశములందు పేరుగాంచి, ఆ పేరును తుదివరకు నిలుపుకొన్న తెలుగువాడు ఉప్పలపు శ్రీనివాస్. గోదావరికి దూరముగా గుఢియారీలో పెరుగుచున్న మన పిల్లలకు ఈ కథను మొదటినుండి చెప్పవలసియున్నది.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28వ తేదీన పాలకొల్లులో జన్మించెను. ఆరవ యేట తండ్రి సత్యనారాయణగారి మాండొలిన్‌ను తానై చేపట్టెను. కుమారుని ఆసక్తి చూచి తండ్రి నేర్పసాగెను. పిమ్మట ఆ తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు బాలుని చేరదీసిరి. వీరు చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులు. విచిత్రమేమనగా, సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించుట రాదు! ఆయన పాడుచుండెడివారు, బాలుడు విన్నదానిని తంత్రులపై పలికించుచుండెడివాడు. వ్రేలు ఎచ్చట నుంచవలెనో చూపువారు లేనందున, ఆ వాద్యము గాత్రమునే అనుసరింపవలసి వచ్చెను. గురువుగారికి ఆ విద్య తెలియకపోవుటయే శిష్యునకు మేలయ్యెననిన తప్పుకాదు.

అయినను వాద్యము సులభముగ లొంగునది కాదు. ఇటలీనుండి వచ్చిన మాండొలిన్‌కు జంటలు జంటలుగా ఎనిమిది తంత్రులుండును. మీటిన నాదము వెంటనే అణగిపోవును; గమకమునకు చోటు తక్కువ. శ్రీనివాస్ జంటలు మాని, ఐదు ఒంటి తంత్రులు గల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టెను. అప్పుడు నాదము నిలిచెను, గమకము పలికెను.

1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవమున తొలి కచేరి జరిగెను. తరువాత మద్రాసు వేదికలు లభించెను. ఈ విదేశవాద్యముపై కర్ణాటక సంగీతమేమిటని సందేహించినవారును లేకపోలేదు. బాలస్వామి దీక్షితులు చేపట్టిన వయొలిన్ మాత్రము ఏ గోదావరి గట్టున పుట్టినది?

1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవమునకు ఆహ్వానము వచ్చెను. అచ్చట ఆ బాలుడు వినిపించినది జాజ్ కాదు, మన సంగీతమే. 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ అను సంపుటమును వెలువరించెను. 1998లో పద్మశ్రీ లభించెను. అనంతరము జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో ‘రిమెంబర్ శక్తి’ బృందమున చేరి దేశదేశములు తిరిగెను. గిటారు ప్రక్కన కూర్చున్నను అతని వ్రేళ్ళనుండి వెలువడినది సుబ్బరాజుగారి పాటయే.

2014 సెప్టెంబరు 19వ తేదీన, నలువదియైదవ యేట, చెన్నైలో శ్రీనివాస్ కన్నుమూసెను. తమ్ముడు రాజేష్ చేతిలోనిదియు మాండొలినే.