మూపురం మనది, రోగమూ మనదే

మా మొగుడంపల్లిలో ఆవును కొనేటోళ్లు ముందు మూపురం చూస్తారు, తర్వాత పొదుగు. ఇక్కడ ఉగాండాలో, ఎంబరారా చుట్టుపక్కల, కొమ్ములే చూస్తారు. అంకోలే ఆవు కొమ్ము మొదట్లో నా పిక్కంత లావు, పొడవు బారెడు. లోపల తేనెపట్టులా గుల్ల. నెత్తురు అందులోంచి తిరిగొస్తే ఒంటి వేడి దిగుతుంది. మూపురం మాత్రం ఉందా అంటే ఉంది. మొదటిసారి చూసి, ఇదేం అరకొర మూపురం అనుకున్నా.

ఆ అరకొరలోనే కథంతా ఉంది. ఆఫ్రికా తొలినాటి పశువులకు మూపురం లేదు. సింధు లోయ వైపు మచ్చికైన మూపురం జాతి తర్వాత ఈ ఖండం చేరింది. రెండూ కలిసి పుట్టినవే సంగా పశువులు, అంకోలే వాటిలో ఒకటి. మన దేవణి ఆవుకు దూరపు చుట్టమన్నమాట.

చుట్టరికం మేలొక్కటే చేయలేదు. 1887లో ఇటలీ సైన్యం కోసం ఇండియా నుంచి మసావా రేవులో దిగిన పశువులే రిండర్‌పెస్ట్ అనే పశువుల రోగాన్ని తెచ్చాయంటారు. పదేళ్లలో అది ఖండం దక్షిణ కొసకు చేరింది. దారి పొడవునా నూటికి 80, 90 పశువులు పోయాయి. ఇక్కడి హీమా జనానికి తిండీ, ఓలీ, పరువూ అన్నీ ఆవే. మందలు పోయి డీలాపడ్డ ఇక్కడి ఎంకోరే రాజ్యం మీదికే బ్రిటిష్‌వాళ్లు వచ్చారు. 1901లో ఒప్పందం రాయించుకుని, చిన్న రాజ్యాలను కలిపి, అంకోలే అన్నారు. ఉగాండా అంటే మనోళ్లకు 1972లో ఇండియన్లను వెళ్లగొట్టిన ఈదీ అమీనే గుర్తొస్తాడు. నన్నడిగితే కథ ఆ పశువుల చావు దగ్గర మొదలుపెట్టాలి.

రిండర్‌పెస్ట్ భూమ్మీదే లేదని 2011లో ప్రకటించారు. ఇప్పటి గండం పాల క్యానుది. అంకోలే రోజుకు రెండు లీటర్లిస్తే గొప్ప, బయటి నుంచి వచ్చిన ఫ్రీజియన్ ఆవు దానికి ఎన్నో రెట్లు. పిడుదుల మందు ఖర్చెంతైనా రైతు అటే పోతాడు. పిల్లల ఫీజులు కట్టేవాణ్ణి ఏమనను? మా ఇంట్లో దేవణి పోయి జెర్సీ వచ్చిందీ అందుకే. 20 ఏళ్లలో అంకోలే కనుమరుగు కావచ్చని 2007లో శాస్త్రవేత్తలన్నారు. అప్పటికే ఒక కరువులో, అంకోలేలున్నవాళ్లు వాటిని చాలా దూరం నడిపించి నీళ్లకు చేర్చుకున్నారు, అమ్మి ఫ్రీజియన్లు కొన్నవాళ్లకు మందే మిగల్లేదు.

పక్కింటి ముసలాయన మొన్న గడ్డి పొగ పట్టించిన కొయ్య కుండలో పాలు తెచ్చాడు. అమ్మ పిడకల మీద కాచిన పాలు గుర్తొచ్చాయి. ఆయన దొడ్లో ముదురెరుపు దూడకో పేరుంది, పిలిస్తే వస్తుంది. నలుపు తెలుపు మచ్చలదాని పేరు అడిగితే, చెవికున్న నంబరు చూపించాడు.