చెక్క పెన్ను కిట్టు.. ఆకారం మనది, మిగతాది ఎవరిది?

రీల్స్‌లో చెక్క పెన్ను కిట్లు చూసే ఉంటారు. క్లిప్పు, మొన, రీఫిల్లు, ఇత్తడి గొట్టం అన్నీ రెడీగా వస్తాయి. మనం చెక్కముక్కకి రంధ్రం తొలిచి, గొట్టం అతికించి, లేత్ మీద తిప్పుతూ ఆకారం తీస్తాం. రెండు కొసలూ కిట్టు కొలతకే సరిపోవాలి. మధ్యలో మాత్రం మన ఇష్టం: వేళ్ళు పట్టేచోట లావు ఉంచొచ్చు, నడుము సన్నం చెయ్యొచ్చు. మరీ చెక్కేస్తే లోపలి గొట్టం బయటపడిపోద్ది.

మరి పెన్ను మొత్తం మనదే కావాలంటే? ఈ ప్రశ్నతో 90 ఏళ్ళ క్రితమే రాజమండ్రిలో ఒకాయన కుస్తీ పట్టారు. ఆయనే కోసూరి వెంకటరత్నం. నగల అచ్చులు చేసే చెయ్యి. సామాన్యుడికి పనికొచ్చే వస్తువేదైనా చెయ్యమని గాంధీగారు చెప్పిన మాట పట్టుకుని, 1932లో పెన్నుల పని మొదలుపెట్టారు. అప్పట్లో బజార్లో ఫౌంటెన్ పెన్నంటే ఎక్కువగా విదేశీదే. స్వరాజ్యం కావాలని రాసే ఉత్తరం కూడా దాంతోనే రాయాలి!

రత్నంగారు వాడింది చెక్క కాదు, ఎబొనైట్. రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే కొమ్ములా గట్టిపడే పదార్థం. సిరాకి పాడవదు. ఆ కడ్డీని లేత్ మీద బిగించి ఒళ్ళు, మూత, మరలు అన్నీ తీసేవారు. కిట్టు కొలత అడ్డు లేదు కాబట్టి ఆకారం పూర్తిగా పనివాడి చేతిలోదే. ఆ పెన్ను కుమారప్పగారి ద్వారా గాంధీగారికి చేరింది. విదేశీ పెన్నులకు బదులు ఇది బాగానే పనికొస్తుందని 1935 జూలైలో ఆయన ఉత్తరం రాశారు.

ఇక చెక్క సంగతికొస్తే ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ రంగు లక్క ఆనిస్తే, రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో నునుపు చేస్తారు. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

సంతబొమ్మాళి, టెక్కలి, పలాస నుంచి చూస్తున్నవాళ్ళూ, మన ఉద్దానంలో మొగలి పొదలకీ పనస కర్రకీ కొదవా? 2018 తిత్లీ తుపానుకి కూలిన పనస చెట్టు ముక్క ఇంకా ఎవరి పెరట్లోనైనా ఉంటే, పొయ్యిలో పెట్టకండి. కిట్టుతోనే మొదలెట్టండి, తప్పులేదు. చెయ్యి కుదిరాక మాత్రం క్లిప్పో, మూతో ఒక్కొక్కటీ మీరే చేసుకోండి. రాజమండ్రి పెన్ను మనదైంది అలాగే!