పోర్ట్ లూయిస్‌లో పాత పట్టాల దారి

మారిషస్ రేవు పోర్ట్ లూయిస్‌లో ఓడ దిగిన యాత్రికులు చాలామంది టాక్సీ ఎక్కుతారు. ఆ దీవి చరిత్ర తెలియాలంటే మాత్రం మెట్రో ఎక్కాలి. 1864లో అక్కడ రైలు మొదలైంది ప్రధానంగా చక్కెరను రేవుకు చేర్చడానికే. 2020లో మొదలైన మెట్రో, క్యూర్‌పైప్ వైపు చాలావరకు ఆ పాత రైలుదారినే పట్టుకుంది. ప్రయాణికుల రైళ్లు 1956లోనే ఆగిపోయాయిగా, ఇంకా వారసత్వమేమిటని అడగవచ్చు. పట్టాలు పోయినా ఊళ్లు పోలేదు. బో బాసాం, రోజ్ హిల్ ఆ దారి వెంటే పెరిగాయి. మధ్యకాలంలో వాటిని బస్సులు కలిపాయి.

1843లో కోరింగ ప్యాకెట్ ఓడలో తెలుగు కూలీలు దిగింది కూడా ఈ రేవులోనే. తర్వాత వలసకూలీలు ఎక్కిన ఆప్రవాసీ ఘాట్ పదహారు రాతిమెట్లు ఇమిగ్రేషన్ స్క్వేర్ బస్టాండుకు దగ్గరలోనే ఉన్నాయి. ఓడ దిగే తెలుగువాళ్లు ముందు అక్కడికి వెళ్లాలి.