యూదు చింతనలో వినయం, ఆధ్యాత్మిక నాయకత్వం

వినయాన్ని హీబ్రూ భాషలో ‘అనవా’ అంటారు. యూదుల గ్రంథాల్లో ఈ గుణం ప్రస్తావన మొదటి నుంచీ అధికారంతో ముడిపడి ఉంది. ప్రజలకు దారి చూపేవాడికి ఎంత పెత్తనం ఉండాలి, ఎదురు మాట్లాడినవాడితో అతడు ఎలా నడుచుకోవాలి, ఎక్కడ తగ్గాలి అన్న తర్కంలోనే వినయం మాట వస్తుంది. తగ్గకూడని చోట తగ్గిన నాయకుడి వల్ల జాతికి కీడు జరుగుతుందని కూడా ఆ గ్రంథాలు అంతే గట్టిగా చెప్పాయి. బైబిల్ కాలం నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా ఈ తర్కం ఆగలేదు.

హీబ్రూ బైబిల్‌లో

ఈ చర్చకు మూలపురుషుడు మోషే. భూమి మీది మనుషులందరిలోకీ అణకువ గలవాడని సంఖ్యాకాండం 12వ అధ్యాయం ఆయన్ని వర్ణించింది. ఆ మాట వచ్చిన సందర్భాన్ని గమనించాలి. దేవుడు ఒక్క మోషేతోనే మాట్లాడాడా, మాతో మాట్లాడలేదా అని తోబుట్టువులైన మిర్యాము, అహరోను నిలదీశారు. మోషే తన తరఫున ఒక్క మాటా చెప్పుకోలేదు. తర్వాత మిర్యాముకు చర్మవ్యాధి సోకితే ఆమె కోసం ప్రార్థించాడు. హీబ్రూలో ఆ ప్రార్థన ఐదే పదాలు. దానికి ముందు అధ్యాయంలో మరో ఘట్టం ఉంది. జనభారం ఒక్కడివల్ల కాదని మోషే మొరపెట్టుకుంటే, దేవుడు ఆయనలోని ఆత్మను డెబ్బైమంది పెద్దలకు పంచాడు. పాళెంలోనే ఉండిపోయిన ఎల్దాదు, మేదాదులు కూడా ప్రవచించడం మొదలుపెట్టారు. వాళ్లను ఆపమని మోషే సహాయకుడు యెహోషువ కంగారుపడితే, జనమంతా ప్రవక్తలే అయితే ఎంత బాగుండునని మోషే బదులిచ్చాడు. ఈజిప్టు రాజు ఫరో ఎదుట నిలబడి మాట్లాడిందీ, ప్రజల పక్షాన దేవుడితోనే వాదించిందీ ఇదే మోషే. కాబట్టి ఆ అణకువను పిరికితనంగా చదవడానికి వీల్లేదు.

ద్వితీయోపదేశకాండం 17వ అధ్యాయం రాజుకు కట్టుబాట్లు పెట్టింది. గుర్రాలు, భార్యలు, వెండి బంగారాలు అతిగా కూడబెట్టకూడదు. ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాయించుకుని బతికినన్నాళ్లూ చదువుకోవాలి. తోటివారికంటే తాను ఎక్కువనుకోకూడదు. రాజునే దేవుడిగా కొలిచిన ఈజిప్టు పక్కనే ఇలాంటి చట్టాన్ని రాసుకోవడం సాహసమే.

వినయం వికటించిన కథ ఇశ్రాయేలు తొలి రాజు సౌలుది. రాజుగా ఎంపికైన రోజున ఆయన సామాన్ల మధ్య దాక్కున్నాడు. తర్వాత అమాలేకీయులతో యుద్ధంలో జనానికి జంకి, దేవుడు ఇచ్చిన ఆజ్ఞను మీరాడు. నీ దృష్టిలో నువ్వు అల్పుడివే కావచ్చు, ఇశ్రాయేలు గోత్రాలకు మాత్రం శిరస్సువి కదా అన్న అర్థంలో సమూయేలు ప్రవక్త ఆయన్ని మందలించాడు.

రబ్బీల కాలం

క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని నాశనం చేశాక యూదుల నాయకత్వం పూజారుల చేతుల్లోంచి పండితుల చేతుల్లోకి మారింది. వీరే రబ్బీలు. వంశం వల్ల కాక విద్యవల్ల అధికారం దక్కడంతో విద్యాగర్వం అనే కొత్త సమస్య వచ్చింది. వారి చర్చలను కూర్చిన తాల్ముద్‌లోని వినయ కథలు ఎక్కువగా దీని చుట్టూనే అల్లుకున్నాయి.

వాటిలో ముందుగా చెప్పుకోవాల్సింది ఆలయం ఇంకా నిలిచి ఉన్న రోజుల్లో బాబిలోనియా నుంచి వచ్చిన హిల్లెల్ కథ. ఒక ఏడాది పస్కా పండుగకు ముందు రోజు విశ్రాంతి దినాన పడింది. ఆ రోజు బలి ఇవ్వవచ్చా లేదా అన్న నియమం పెద్దలైన బెతేరా వంశీయులకు గుర్తు రాలేదు. హిల్లెల్ వివరించగానే వాళ్లు తమ స్థానం వదులుకుని ఆయన్ని అధిపతిగా కూర్చోబెట్టారు. గద్దె ఎక్కిన హిల్లెల్, గురువుల దగ్గర సరిగా నేర్చుకోలేదని వాళ్లను దెప్పాడు. అంతలోనే మరో ప్రశ్న వచ్చింది: కత్తిని ముందే తెచ్చుకోవడం మరిచినవాడు, వస్తువులు మోయకూడని విశ్రాంతి దినాన ఏం చేయాలి? ఆ నియమం తెలిసి కూడా మరచిపోయానని హిల్లెల్ ఒప్పుకున్నాడు. జనం ఏం చేస్తారో చూద్దామన్నాడు. మర్నాడు జనం గొర్రెపిల్లల ఉన్నిలో, మేకల కొమ్ముల మధ్య కత్తులు గుచ్చి తోలుకొచ్చారు. అది చూశాక ఆయనకు నియమం గుర్తొచ్చింది. అధిపతికి మరుపు రావడం, సామాన్యుల నడక నుంచి అతడు మళ్లీ నేర్చుకోవడం ఒకే కథలో చేర్చినవారి చూపు చాలా లోతైనది.

హిల్లెల్, ఆయన సమకాలికుడైన షమ్మాయి శిష్యవర్గాల మధ్య మూడేళ్లు సాగిన వాదం గురించీ తాల్ముద్ చెబుతుంది. రెండు పక్షాల మాటలూ దైవవాక్కులేనని ఆకాశవాణి పలికిందట, కానీ శాసనం హిల్లెల్ వర్గానిదేనట. కారణం ఆ వర్గం తర్కబలం కాదు. వాళ్లు సౌమ్యులు, ఎదుటి పక్షం అభిప్రాయాన్ని కూడా బోధించేవారు, పైగా తమదానికన్నా ముందు బోధించేవారు.

ఆలయం కూలాక యవ్నే పట్టణంలోని విద్యాపీఠంలో జరిగిన ఘటన మరింత కటువైనది. అధిపతి రబ్బాన్ గమలీయేలు, తనతో విభేదించిన రబ్బీ యెహోషువను సభలో నిలబెట్టే ఉంచి అవమానించాడు. అలా చేయడం అదే మొదలు కాదు. సభికులు సహించలేక గమలీయేలును పదవి నుంచి దించి, కుర్రవాడైన ఎలాజార్ బెన్ అజర్యాను కూర్చోబెట్టారు. లోపలా బయటా ఒకేలా లేని విద్యార్థిని రానివ్వవద్దన్న పాత ఆంక్ష ఎత్తేశారు, ద్వారపాలకుడిని తీసేశారు. ఆ రోజున అదనంగా వేయాల్సి వచ్చిన బల్లలు 400 అని ఒకరు, 700 అని మరొకరు చెప్పినట్టు తాల్ముద్ నమోదు చేసింది. తాను ఇంతమందిని చదువుకు దూరం చేశానేమోనని గమలీయేలు కుంగిపోయాడు. క్షమాపణ అడగడానికి యెహోషువ ఇంటికి వెళ్తే గోడలన్నీ మసిబారి కనిపించాయి. నువ్వు బొగ్గుల పని చేస్తావా అని గమలీయేలు ఆశ్చర్యపోయాడు. పండితులు ఎలా పొట్టపోసుకుంటున్నారో కూడా తెలియని నువ్వా మా తరానికి నాయకుడివని యెహోషువ కడిగేశాడు. చివరికి క్షమించాడు. గమలీయేలుకు పదవి తిరిగి దక్కింది, బోధించే వారాలను మాత్రం ఎలాజార్‌తో పంచుకోవాల్సి వచ్చింది.

దీనికి ఎదురుగా రబ్బీ జెకర్యా బెన్ అవ్కులాస్ కథను నిలబెట్టారు. రోమన్ చక్రవర్తి పంపిన బలిపశువుకు ఒక ద్రోహి కావాలని లోపం కలిగించాడు. రాజ్యంతో గొడవ ఎందుకు, అర్పించేద్దామని పండితులు అన్నారు. లోపమున్న పశువును అర్పించవచ్చని జనం అనుకుంటారని జెకర్యా అడ్డుపడ్డాడు. ద్రోహిని చంపేద్దామన్నా ఒప్పుకోలేదు. ఏదీ తేల్చని ఆయన అణకువే ఆలయాన్ని తగలబెట్టిందని రబ్బీ యోహానాన్ వ్యాఖ్య. నా దృష్టిలో ఈ చర్చ మొత్తానికీ కీలకం ఇదే: నిర్ణయం తీసుకోవాల్సిన చోట వెనక్కి తగ్గడాన్ని వినయంగా మెచ్చుకోకుండా, దోషంగా లెక్కగట్టారు.

పండితుడికి ఎనిమిదో వంతులో ఎనిమిదో వంతు గర్వం ఉండాలని ఒక అభిప్రాయం, అసలే వద్దని మరో అభిప్రాయం తాల్ముద్‌లో పక్కపక్కనే ఉన్నాయి.

మధ్యయుగాలు

పదకొండో శతాబ్దపు ముస్లిం స్పెయిన్‌లో బహ్యా ఇబ్న్ పకూదా అరబ్బీలో రాసిన ‘హృదయ ధర్మాలు’ గ్రంథం దేవుని ఎదుట అణకువకు ఒక అధ్యాయమే కేటాయించింది. కోర్డోబాలో పుట్టి ఈజిప్టులో స్థిరపడిన మైమోనిడెస్ (1138–1204) ఈ విషయాన్ని న్యాయశాస్త్రంలోకి తెచ్చాడు. ఏ గుణంలోనైనా మధ్యేమార్గమే మేలని బోధించిన ఆయన, గర్వం విషయంలో మాత్రం రెండో కొసకే పోవాలన్నాడు. రాజుకు ప్రజలు గౌరవం చూపి తీరాలి, రాజు మాత్రం లోలోపల అణగి ఉండాలి, పిన్నలతోనూ మృదువుగా మాట్లాడాలి. సమాజం మీద దర్పం చూపడం పెద్దలకు నిషిద్ధమని కూడా ఆయన స్మృతిలో ఉంది. పదవికి దక్కే గౌరవాన్ని మనిషి తన సొంతం అనుకోకుండా ఈ నియమాలు విడదీశాయి.

హసీదులు, ముసార్ ఉద్యమం

పద్దెనిమిదో శతాబ్దంలో తూర్పు ఐరోపాలో బాల్ షెమ్ తోవ్ (మరణం 1760) బోధనల నుంచి హసీదు ఉద్యమం పుట్టింది. అహాన్ని పూర్తిగా కరిగించుకోవడం దాని ఆదర్శం. అదే ఉద్యమం ‘త్సద్దిక్’ అనే గురువు చుట్టూ భక్తులను కూడగట్టింది. తనను శూన్యం చేసుకున్నవాడు కనుకనే అతనికి శక్తి ఉందని నమ్మేవారు. ఈ వైరుధ్యం రూజిన్‌కు చెందిన ఇశ్రాయేలు (1796–1850) విషయంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆయన రాజవైభవంతో బతికాడు. ఆయన బంగారు బూట్లకు అడుగు ఉండేది కాదని, మంచులో వట్టి పాదాలతో నడిచేవాడని భక్తులు చెప్పుకుంటారు.

లిథువేనియాలో ఇశ్రాయేల్ సలాంతర్ (మరణం 1883) మొదలుపెట్టిన ముసార్ ఉద్యమం శీలాన్ని సాధనతో దిద్దుకోవాలంది. ఈ ఉద్యమంలోనే రెండు విరుద్ధ మార్గాలు వచ్చాయి. నోవర్దోక్ విద్యాలయ విద్యార్థులు మందుల దుకాణానికి వెళ్లి మేకులు అడిగేవారు. నలుగురూ నవ్వితే తట్టుకోవడం వారి అభ్యాసం. స్లబోద్కాలో నోసన్ త్స్వీ ఫింకెల్ (1849–1927) మాత్రం మనిషి గొప్పతనాన్నే బోధించాడు. తన విలువ తెలిసినవాడే నీచపు పనికి ఒడిగట్టడని ఆయన నమ్మకం.

ఇరవయ్యో శతాబ్దం

సనాతనవాద రబ్బీ జోసెఫ్ సొలొవేచిక్ (1903–1993) 1978లో ప్రచురించిన ‘వైభవం, వినయం’ అనే వ్యాసంలో, సృష్టిని గెలవాలనే తపన, ఓటమిని అంగీకరించే గుణం రెండూ మనిషిలో ఉండాల్సినవేనని వాదించాడు. అంతకు నాలుగేళ్ల ముందు అమెరికా సంస్కరణవాద రబ్బీ యూజీన్ బొరోవిట్జ్ పదహారో శతాబ్దపు సఫేద్ పట్టణ మార్మికుడు ఇసాక్ లూరియా సిద్ధాంతాన్ని నాయకత్వానికి అన్వయించాడు. లోకానికి చోటివ్వడానికి దేవుడు తనను తాను ముడుచుకున్నాడని లూరియా సిద్ధాంతం. గురువు, తల్లిదండ్రులు, సంస్థాధిపతి కూడా అలాగే వెనక్కి జరిగి ఇతరులకు చోటివ్వాలని బొరోవిట్జ్ అన్నాడు. అయితే లూరియా సృష్టిగాథలో ముడుచుకున్న దేవుడు ఆ ఖాళీలోకి వెలుగును పంపుతాడు కూడా. అందువల్ల నాయకుడు తగ్గడమూ ముందుకు రావడమూ ఒకదాని తర్వాత ఒకటిగా సాగాలని, ఏది ఎప్పుడన్నది అతడే తేల్చుకోవాలని బొరోవిట్జ్ వివరించాడు.