ఆమె ఎక్కడ పడుకోవాలి? (మా పేట చరిత్ర – 17)



పోలవరంలో మా నాయనమ్మకి పక్షవాతం వచ్చి మంచం పట్టింది. ఆవిడను లేపి కూర్చోబెట్టడం అమ్మ ఒక్కదాని వల్ల కాదు. ఇంట్లోనే ఉండి చూసుకునే మనిషి కోసం టౌన్లో ఒక ఏజెన్సీకి ఫోన్ చేశాను. వయసు, జబ్బు, బరువు అడిగారు. తర్వాత గొంతు తగ్గించి, "మీరేమట్లండీ?" అన్నారు. చెప్పాను.

"కొంతమంది మీ ఇళ్లకి రారండి. ఏజెన్సీ అమ్మాయైతే వస్తుంది. తక్కువకే."

ఈ మాటకు మా దగ్గర రెండర్థాలు. ఒకటి మనుషుల్ని పంపే ఆఫీసు. రెండోది మా ఎగువనున్న మన్యం. 1839 చట్టంతో ఆంగ్లేయులు గంజాం, విశాఖ కొండలను మామూలు చట్టాల నుంచి తప్పించి, 'ఏజెంటు' హోదాలో కలెక్టరు చేతిలో పెట్టారు. ఆ పద్ధతే తర్వాత గోదావరి మన్యానికీ వచ్చింది. ఆ పేరు మిగిలింది. ఇప్పుడు ఆ పేరుకి "తక్కువకే" అన్న అర్థం కూడా అంటగట్టారు.

ఇరవై నాలుగ్గంటలూ పరాయి ఇంట్లో ఉండే పని మనకి కొత్త కాదు. మా తాత పాలేరు. ఏడాదికి ఇన్ని బస్తాలని మాట, దాని మీద ముందే తీసుకున్న అప్పు. పడక పశువుల పాకలో. అప్పుతో మనిషిని కట్టేసే ఆ పద్ధతిని 1976 చట్టం రద్దు చేసింది.

మా చిన్నత్త తరం కువైట్ వెళ్లింది. అక్కడ వాళ్ల పేరు ఖద్దామా. వీసా యజమాని పేరుతో ముడి. ఆ దేశమే 2015లో 68వ నంబరు చట్టం తెచ్చి ఇంటిపనికి రోజుకి 12 గంటల హద్దు, వారానికో సెలవు రాసింది. అమలు సంగతి వేరు, కాగితం మీదైనా గంటలున్నాయి.

మనకో? 1946లో వైస్రాయ్ కౌన్సిల్ లేబర్ మెంబరుగా బాబాసాహెబ్ ఫ్యాక్టరీ కూలీల వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించే బిల్లు తెచ్చారు. ఆ 48 గంటలు ఇంటి గుమ్మం దాటి లోపలికి రాలేదు. 2011లో జెనీవాలో ఇంటిపనివాళ్ల ఒప్పందానికి, 189వ కన్వెన్షన్‌కి, ఓటేసిన మన దేశం దాన్ని ఆమోదించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, వీళ్లకి చట్టం తేవడంపై పరిశీలనకి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది.

చివరికి ఆ ఏజెన్సీని వదిలేసి, తెలిసినవాళ్ల ద్వారా ఒకామెను పిలిచాం. ప్రాజెక్టు ముంపులో ఊరు పోగొట్టుకుని కాలనీకి వచ్చిన కొండరెడ్డి అమ్మాయి. మొదటి రాత్రి అమ్మ ఆమెకి వరండాలో చాప వేసింది, కంచం విడిగా పెట్టింది. అమ్మకి చెడ్డ మనసు లేదు. చూసిన పద్ధతి అదే. నాకు మాత్రం తాత పడుకున్న పాక గుర్తొచ్చింది.

"అమ్మా, తాత ఎక్కడ పడుకునేవాడు?" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. చాప చుట్టి, లోపలి గదిలో మంచం వాల్చింది.

మర్నాడు కాగితం మీద రాసుకున్నాం. జీతం ఆమె ఖాతాలోకి. మధ్యాహ్నం మూడు గంటలు ఆమెవే. రాత్రి ఒకరోజు ఆమె లేస్తే ఒకరోజు అమ్మ. ఆదివారం సెలవు, ఆ రోజు నేనో తమ్ముడో వస్తాం. కంచాలన్నీ ఒకే గూట్లో.

మనల్ని పాకలో పడుకోబెట్టిన వాళ్ల గురించి పదహారు భాగాలు రాశాను. మన గుమ్మంలో చాప వేసింది మనమే అయినప్పుడు అదీ రాయాలి. మీ ఇంట్లో పనిచేసే మనిషి ఎక్కడ పడుకుంటోందో ఈ రాత్రి ఒకసారి చూడండి.

జై భీమ్.